పాత ఇంటి గోడల్లో ఇన్సులేషన్: ఉంచాలా, మార్చాలా, మారిస్తే ఏది పెట్టాలి?

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు గోడ లోపల ఏముందో మొదటిసారి కనిపించేది కిచెనో బాత్‌రూమో రీమోడల్ చేయిస్తున్నప్పుడే. డ్రైవాల్ (గోడకు కొట్టిన జిప్సం పలక) ఊడదీస్తే లోపల పల్చటి గులాబీ రంగు దూది లాంటిది సగానికి జారిపోయి, అక్కడక్కడ నల్లగా మాసి ఉంటుంది. ఎలాగూ తెరిచాం కదా, అంతా పీకేసి స్ప్రే ఫోమ్ (చిమ్మగానే ఉబ్బి గట్టిపడే నురగ) కొట్టించేయండి అంటాడు కాంట్రాక్టర్. ధర వింటే గుండె ఝల్లుమంటుంది. వద్దంటే ఇంకో ఇరవై ఏళ్లు ఈ చలి భరించాలేమోనని టెన్షన్. నాలుగు రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి, లేకపోతే పని ఆగిపోతుంది.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడల మధ్య పెరిగినవాళ్లం మనం. చెక్క ఫ్రేము నిలబెట్టి, మధ్య ఖాళీలో ఇన్సులేషన్ కూరి, రెండు వైపులా పలకలు కొట్టిన గోడ మనకు కొత్త. అందుకే ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వినేస్తాం. న్యూజెర్సీలోని ఎడిసన్, పర్సిపనీ, షికాగో శివార్లు, డెట్రాయిట్ చుట్టుపక్కల 1950ల నుంచి 70ల మధ్య కట్టిన కేప్ కాడ్, స్ప్లిట్ లెవెల్, రాంచ్ అనే నమూనాల ఇళ్లలో ఉంటున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఐదేళ్ల కిందట కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకు గోడల జోలికి పోవలసిన పనే లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ మెటీరియల్ మంచిది అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. గోడ ఎటువైపు నుంచి తెరుచుకుంటోంది, మీ ఊరి వాతావరణం ఏమిటి, గోడలోకి నీళ్లు, గాలి ఎక్కడ దూరుతున్నాయి అన్నవి తేలితే మెటీరియల్ దానంతట అదే తేలిపోతుంది.

అసలు మార్చాలా? ఒక లెక్క

ఇన్సులేషన్ ఎంత బాగా వేడిని ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వాల్యూ. ఎక్కువైతే మంచిది. పాత ఇళ్లలో స్టడ్లు (గోడ ఫ్రేములో నిలువు చెక్కలు) ఎక్కువగా టూ బై ఫోర్. పేరుకి నాలుగు అంగుళాలు గానీ అసలు లోతు మూడున్నరే. ఆ మూడున్నర అంగుళాల్లో మామూలు ఫైబర్‌గ్లాస్ (ఆ గులాబీ రంగు గాజు దూది) ఆర్-11 నుంచి ఆర్-15 దాకా వస్తుంది. మినరల్ ఊల్ (రాయి కరిగించి చేసే దూది) ఆర్-15. గట్టిగా దట్టించిన సెల్యులోజ్ (కాగితం తురుము) దాదాపు ఆర్-13. క్లోజ్డ్ సెల్ అనే గట్టి రకం స్ప్రే ఫోమ్ అంగుళానికి ఆరు నుంచి ఏడు, అంటే మొత్తం ఇరవై పైమాటే.

ఈ అంకెలు చూస్తే ఫోమ్ ముందు మిగతావేవీ నిలబడవు అనిపిస్తుంది. కానీ గోడంతా ఇన్సులేషన్ కాదు. అందులో పావు వంతు దాకా చెక్కే ఉంటుంది: స్టడ్లు, పైనా కిందా అడ్డచెక్కలు, కిటికీల చుట్టూ ఉండే దిమ్మలు. చెక్క ఆర్-వాల్యూ అంగుళానికి ఒకటింబావు మాత్రమే. మధ్యలో ఎంత ఖరీదైనది నింపినా ఆ పావు వంతు గుండా వేడి బయటికి పోతూనే ఉంటుంది. స్టడ్లు, డ్రైవాల్, సైడింగ్ (ఇంటి బయటి తొడుగు) అన్నీ కలిపి గోడ మొత్తానికి లెక్కేస్తే, ఖాళీ గోడ సుమారు ఆర్-4. పాత ఆర్-11 బ్యాట్లు (స్టడ్ల మధ్య పెట్టేలా కోసి వచ్చే దూది ముక్కలు) సరిగ్గా ఉన్న గోడ దాదాపు 11. కొత్త ఆర్-15 పెడితే 12.5. పూర్తిగా క్లోజ్డ్ సెల్ ఫోమ్ నింపితే 14.5. ఆర్-22 అని చెప్పి అమ్మిన ఫోమ్ గోడలోకి వెళ్లాక అయ్యేది అంతే.

దీన్ని డాలర్లలోకి మారుద్దాం. న్యూజెర్సీ మధ్య ప్రాంతంలో ఒక ఇల్లు, కిటికీలు తలుపులు తీసేయగా బయటి గోడలు 1,000 చదరపు అడుగులు. అక్కడి చలికాలం ఏడాదికి సుమారు 5,000 హీటింగ్ డిగ్రీ డేస్ (చలి ఎంత, ఎన్నాళ్లు అన్నదాని కొలత). ఖాళీ గోడ గుండా ఏడాదిలో 300 థర్మ్‌ల (గ్యాస్ బిల్లులో కనిపించే వేడి యూనిట్) వేడి పోతుంది. పాత ఆర్-11 ఉంటే 110. ఆర్-15 పెడితే 96. ఫోమ్ నింపితే 83. ఫర్నేస్ సామర్థ్యం 80 శాతం, గ్యాస్ థర్మ్ ఒకటిన్నర డాలర్ అనుకోండి. ఖాళీ గోడను ఆర్-15తో నింపితే ఏడాదికి 380 డాలర్లకు పైగా మిగులుతుంది. బాగున్న పాత ఆర్-11 పీకేసి ఆర్-15 పెడితే మిగిలేది 30 డాలర్ల లోపే. ఆర్-15 బదులు ఫోమ్ కొట్టిస్తే వచ్చే అదనపు ఆదా ఇరవై డాలర్ల చిల్లర.

ఈ లెక్కలో గాలి లీకేజీ కలపలేదు. దాని సంగతి కింద వస్తుంది. అది కూడా మెటీరియల్ కంటే పనితనం మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

కాబట్టి గోడలో ఏమీ లేకపోతే తప్పకుండా నింపించండి. పాతది పొడిగా, జారిపోకుండా, ఎలుకలు చేరకుండా ఉంటే దాన్ని మార్చడానికని గోడలు పగలగొట్టించకండి. ఫైబర్‌గ్లాస్ పాతబడినంత మాత్రాన పనిచేయడం మానదు. ఆ డబ్బు అటక మీద పెడితే ఇంకా ఎక్కువ ఫలితం వస్తుంది. పాత ఇళ్లలో చాలావాటికి అటక మీద ఆర్-19 కూడా ఉండదు, ఇప్పటి బిల్డింగ్ కోడ్ (కట్టడాల నిబంధనలు) చలి ప్రాంతాల్లో ఆర్-49 లేదా అంతకు మించి అడుగుతోంది. అటక పనికి గోడలు కూల్చక్కర్లేదు, ఒక్క రోజులో అయిపోతుంది.

తీసే ముందు చూడాల్సినవి

పాత ఇన్సులేషన్‌ని సంచుల్లో కుక్కి బయట పారేసే ముందు కాసేపు నిలబడి చూడండి. ఇంటి జబ్బులన్నీ దాని మీద రాసి ఉంటాయి. ఫైబర్‌గ్లాస్ నల్లబడిందంటే చాలామంది బూజు అనుకుంటారు. ఎక్కువసార్లు అది దుమ్ము. అక్కడి నుంచి ఏళ్ల తరబడి గాలి లీకవుతుంటే ఆ దూది ఫిల్టర్ లాగా దుమ్ము పట్టేస్తుంది. నలుపు ఎక్కడుందో సీలెంట్ అక్కడ వేయాలి. గోధుమ రంగు చారలు, తుప్పు పట్టిన మేకులు, మెత్తబడ్డ షీతింగ్ పలకలు (సైడింగ్ వెనక స్టడ్ల మీద కొట్టేవి) కనిపిస్తే అది నీళ్ల పని, ముఖ్యంగా కిటికీల కింది మూలల్లో. ముందు ఆ లీకేజీ ఆపకుండా ఏ ఇన్సులేషన్ పెట్టినా దండగే. ఎలుకల పెంట ఉంటే పొడిగా ఊడ్చకండి, తడిపి మాస్కు పెట్టుకుని తీయాలి. హాంటావైరస్ భయం ఉత్తిది కాదు.

మాసిన దూది కన్నా పెద్ద ప్రమాదాలు మూడున్నాయి. మొదటిది వర్మిక్యులైట్. బూడిద, గోధుమ రంగుల్లో, కొన్నిసార్లు వెండిలా బంగారంలా మెరిసే చిన్న చిన్న గులకల్లా ఉంటుంది. ఎక్కువగా అటకల మీద పోసేవారు, అక్కడి నుంచి గోడల్లోకీ జారేది. 1919 నుంచి 1990 దాకా అమెరికాలో అమ్ముడైన వర్మిక్యులైట్‌లో 70 శాతానికి పైగా మోంటానాలోని లిబ్బీ గనిదే, ఆ గనిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉంది. జోనొలైట్ అనే పేరుతో ఇది ఇంటింటికీ చేరింది. ఇది కనిపిస్తే ఆస్‌బెస్టాస్ ఉన్నట్టే భావించమని ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. కదపకుండా, లైసెన్స్ ఉన్నవాళ్లను పిలవడం ఒక్కటే దారి. షాప్ వాక్యూమ్‌తో లాగించేద్దాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, ఇంటి నిండా ఆ ధూళి పరుచుకుంటుంది.

రెండోది 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన పెయింటు. ఆ ఇళ్లలో గోడలు పగలగొట్టే కాంట్రాక్టర్‌కు లెడ్-సేఫ్ సర్టిఫికేషన్ ఉండాలని 2010 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లో ఉంది. పాకే పిల్లలు, గర్భిణులు ఇంట్లో ఉంటే ఈ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ కాలపు ప్లాస్టర్‌లో, డ్రైవాల్ అతుకుల మీద పూసిన పదార్థంలో ఆస్‌బెస్టాస్ కూడా ఉండొచ్చు. పగలగొట్టే ముందే చిన్న ముక్క ల్యాబ్‌కు పంపడం మంచిది.

మూడోది వైరింగ్. 1940ల ముందు ఇళ్లలో పింగాణీ గుబ్బల మీదుగా విడివిడిగా సాగే నాబ్ అండ్ ట్యూబ్ వైర్లు ఇంకా ప్రాణంతో ఉండొచ్చు. ఆ వైర్ల వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. ఇన్సులేషన్‌లో పూడిస్తే వేడెక్కుతాయి, ఎలక్ట్రికల్ కోడ్ కూడా అందుకు ఒప్పుకోదు. ముందు ఎలక్ట్రీషియన్, తర్వాతే ఇన్సులేషన్.

1970ల ఇళ్లలో పెళుసుగా, ముట్టుకుంటే పొడి అయిపోయే ఫోమ్ కనిపిస్తే అది యూరియా ఫార్మాల్డిహైడ్ రకం కావచ్చు. కెనడా దాన్ని 1980లో నిషేధించింది. ఇన్నేళ్ల తర్వాత దాని నుంచి వెలువడే వాయువు దాదాపు తగ్గిపోయి ఉంటుంది, అసలు సమస్య అది కుంచించుకుపోయి గోడలో సగం ఖాళీ చేయడం. మామూలు ఫైబర్‌గ్లాస్ గురించి మాత్రం భయపడనక్కర్లేదు. దురద పెడుతుంది, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, మాస్కు చాలు. ఈ గాజు దూది (గ్లాస్ ఊల్) ఇన్సులేషన్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో అనుమానిత జాబితా నుంచి తీసేసింది.

గదివైపు నుంచి గోడ తెరిచినప్పుడు

మనలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. స్టడ్లు, వైర్లు, పైపులు అన్నీ కళ్లముందుంటాయి. ఏ చిల్లు ఎక్కడుందో కనిపిస్తుంది. ఈ అవకాశం మళ్లీ రాదు. కాబట్టి మొదటి రోజు మెటీరియల్ జోలికి పోకుండా గాలి దూరే చోట్లన్నీ మూయించండి. వైర్లు పైకి వెళ్లేందుకు అడ్డచెక్కకు పెట్టిన రంధ్రాలు, ప్లగ్ బాక్సుల వెనక, కిటికీ ఫ్రేముకీ స్టడ్‌కీ మధ్య సందు, నేలను ఆనుకున్న కింది చెక్క అంచు. నాలుగైదు ట్యూబుల సీలెంట్, రెండు మూడు క్యాన్ల ఫోమ్, ఒక పూట కూలి. ఇంత తక్కువ ఖర్చులో ఇంత ఫలితం ఇచ్చే పని ఇంటి మొత్తంలో ఇంకొకటి లేదు. చిల్లులు వదిలేసి మీద ఎంత ఖరీదైన బ్యాట్ పెట్టినా గాలి దాని గుండా దూరిపోతుంది, ఎందుకంటే ఫైబర్‌గ్లాస్ వేడిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు.

తర్వాత నింపేది. ఫైబర్‌గ్లాస్ అన్నిటికంటే చవక, ఏ హోమ్ డిపోలో అయినా దొరుకుతుంది. సరిగ్గా పెడితే నిజంగా బాగా పనిచేస్తుంది. చిక్కంతా ఆ సరిగ్గా అన్న మాటలోనే ఉంది. పీస్ రేటు మీద పనిచేసేవాళ్లు బ్యాట్‌ని స్టడ్ల మధ్యలోకి తోసేసి వెళ్లిపోతారు. వైరు అడ్డం వచ్చిన చోట దూది వెనక్కి నొక్కుకుపోయి ముందు ఖాళీ మిగులుతుంది. నిజానికి అక్కడ బ్యాట్‌ని మందంలో రెండుగా చీల్చి, సగం వైరు వెనక, సగం ముందు పెట్టాలి. ప్లగ్ బాక్సు దగ్గర దాని ఆకారంలో కోయాలి. మూడున్నర అంగుళాల గోడలో ఐదున్నర అంగుళాల ఆర్-19 కుక్కితే ఎక్కువ వెచ్చదనం వస్తుందనుకోవడం పొరపాటు. నొక్కుకుపోయి దాదాపు ఆర్-13 బ్యాట్ చేసే పనే చేస్తుంది. డబ్బు మాత్రం ఎక్కువ.

నన్నడిగితే మినరల్ ఊల్ తీసుకోండి. కరిగించిన రాయి, స్టీలు కర్మాగారాల స్లాగ్ నుంచి చేస్తారు. రాక్‌ఊల్ కంపెనీది బాగా దొరుకుతుంది, ఇంతకుముందు రాక్సుల్ అనే పేరుతో అమ్మేవారు. ఫైబర్‌గ్లాస్ కంటే ధర ఎక్కువే. కానీ బిరుసుగా ఉండడం వల్ల స్టడ్ల మధ్య బిగుసుకుని నిలబడుతుంది, కిందికి జారదు. బ్రెడ్ కోసే రంపపు పళ్ల చాకుతో నీటుగా తెగుతుంది కాబట్టి కొత్తవాడు పెట్టినా సందులు తక్కువ వస్తాయి. నీళ్లు పీల్చుకోదు. వెయ్యి డిగ్రీల సెంటిగ్రేడ్‌కు పైన గానీ కరగదు, మంటకు తట్టుకుంటుంది. శబ్దం బాగా తగ్గిస్తుంది. వంటింటికీ బెడ్‌రూమ్‌కీ మధ్య లోపలి గోడ కూడా తెరిచి ఉంటే అందులోనూ పెట్టించండి, చలి కోసం కాదు, పొద్దున్నే వంటింట్లో మిక్సీ వేస్తే రాత్రి షిఫ్ట్ చేసొచ్చిన మనిషి లేవకుండా ఉండడానికి. గోడ మొత్తానికి లెక్కేస్తే ఫైబర్‌గ్లాస్ ఆర్-13కీ దీనికీ తేడా పెద్దగా లేదు, ఆ మాట నిజమే. నేను దీన్ని ఎంచుకునేది పనితనంలో తప్పులను బాగా భరిస్తుందని.

ఇక స్ప్రే ఫోమ్. దానికి ఉన్న గుణం ఒప్పుకోవాలి: ఒకేసారి ఇన్సులేషనూ అయిపోతుంది, గాలి లీకేజీ కూడా ఆగిపోతుంది. వంకరటింకరగా ఉన్న చోట్ల, రంధ్రాలు లెక్కలేనన్ని ఉన్న చోట్ల దానికి సాటి లేదు. బేస్‌మెంట్ గోడ పైన, మొదటి అంతస్తు నేల అంచున ఇంటి చుట్టూ తిరిగే రిమ్ జాయిస్ట్ అలాంటి చోటే. అక్కడ రెండు అంగుళాల క్లోజ్డ్ సెల్ కొట్టిస్తే ఖర్చుకు తగ్గ ఫలితం వస్తుంది.

గోడలన్నిటికీ అంటే మాత్రం నేను వద్దంటాను. ఫోమ్ ఫ్యాక్టరీలో తయారై రాదు, రెండు రసాయనాలు మీ ఇంట్లోనే ట్రక్కు గొట్టం చివర కలుస్తాయి. ఆ రోజు చెక్క చల్లగా ఉన్నా, తడిగా ఉన్నా, పాళ్లు తప్పినా, ఒకేసారి మందంగా కొట్టినా ఫోమ్ స్టడ్ల నుంచి విడిపోతుంది, లేదా నెలల తరబడి చేపల వాసన వస్తుంది. తీసేద్దామంటే చెక్కకు అంటుకుపోయి ఉంటుంది, ఉలితో చెక్కాలి. రేపు ఇంకో ప్లగ్ పాయింట్ కావాలన్నా, ఎక్కడో నీళ్లు కారుతున్నా కనిపెట్టడం కష్టం. కొట్టే రోజు, ఆ తర్వాత మామూలుగా ఒక రోజంతా ఇంట్లో ఎవరూ ఉండకూడదు, ఐసోసయనేట్ ఆవిర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు. ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఇంకా ఎక్కువ జాగ్రత్త. ధర ఫైబర్‌గ్లాస్‌కు కొన్ని రెట్లు. ఇంతా చేసి బ్యాట్ మీద వచ్చే అదనపు ఆదా మనం పైన చూసిన ఇరవై డాలర్ల చిల్లర, సీలెంట్ పని ముందే బాగా చేయించుకుంటే.

ఓపెన్ సెల్ ఫోమ్ (స్పాంజిలా మెత్తగా ఉండే రకం) చవక అని కొందరు అంటారు. అంగుళానికి ఆర్-3.5 చుట్టూ ఉంటుంది, అంటే సెల్యులోజ్‌తో సమానం. నీళ్లు పీల్చుకుంటుంది. ఆవిరి దాని గుండా వెళ్లిపోతుంది కాబట్టి చలి ప్రాంతంలో లోపల ఇంకో పొర కావాలి. గోడలకు దాన్ని నేను సిఫారసు చేయను.

గోడ తెరవకుండా నింపాలంటే

డ్రైవాల్ బాగుంది, వెనక ఖాళీ అని తేలింది. అప్పుడు దట్టించిన సెల్యులోజ్‌కు పోటీ లేదు. పాత న్యూస్‌పేపర్లను తురిమి, మంట అంటుకోకుండా, పురుగులు పట్టకుండా బోరేట్ కలిపి చేస్తారు. బయట సైడింగ్ ఒక వరుస ఎత్తి, ప్రతి స్టడ్ గడికీ రెండంగుళాల రంధ్రం చేసి, గొట్టం లోపలికి పంపి దట్టిస్తారు. ఘనపుటడుగుకు మూడున్నర పౌండ్ల సాంద్రత ఉండాలి. అంతకంటే వదులుగా ఉంటే కొన్నేళ్లకు కిందికి దిగిపోయి పైన ఖాళీ వస్తుంది. ఎన్ని సంచులు పట్టాలో ముందే లెక్క రాయించుకుని, పని అయ్యాక ఖాళీ సంచులు లెక్కపెట్టండి. చలి రోజున థర్మల్ కెమెరాతో చూస్తే మిస్సయిన గడులు బయటపడతాయి.

ఇంత దట్టంగా నింపడం వల్ల గాలి కదలిక కూడా బాగా తగ్గుతుంది, బ్యాట్లకు లేని లాభం అది. 1930ల ముందు ఇళ్లలో స్టడ్లు బేస్‌మెంట్ నుంచి అటక దాకా ఒకే గొట్టంలా సాగుతాయి, బెలూన్ ఫ్రేమింగ్ అంటారు. కింద మంట పుడితే క్షణాల్లో పైకి పాకే దారి అది. అలాంటి ఇంట్లో సెల్యులోజ్ నింపితే ఆ గొట్టం మూసుకుపోతుంది, వెచ్చదనంతో పాటు భద్రత కూడా. కాకపోతే కింద బేస్‌మెంట్‌లో గొట్టం మూతి ముందు మూయించాలి, లేదంటే సంచులన్నీ బేస్‌మెంట్‌లోకి కారిపోతాయి.

గోడలోకి వాననీళ్లు దిగే ఇంట్లో మాత్రం సెల్యులోజ్ వద్దు. తడిస్తే ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది. ఇటుకతోనే బరువు మోసే పాత రెండు మూడు వరసల గోడలు ఉన్నవాళ్లు కూడా తొందరపడకండి. లోపలివైపు ఇన్సులేషన్ పెడితే ఇటుక చల్లబడిపోతుంది, అందులోని తడి గడ్డకట్టి కరిగే కొద్దీ ఇటుక పెచ్చులూడుతుంది. దానికి స్థానికంగా అనుభవమున్న ఇంజనీర్ వచ్చి చూడాలి.

సైడింగ్ మార్చే ఆలోచన ఉంటే

రెండు మూడేళ్లలో వినైల్ సైడింగ్ మార్చాలనుకుంటుంటే గదివైపు గోడలు ముట్టుకోకండి, అప్పటిదాకా ఆగండి. సైడింగ్ తీసినప్పుడు షీతింగ్ మీద బయటి నుంచి అంగుళం మందం ఫోమ్ బోర్డు కొట్టిస్తే అది స్టడ్లను కూడా కప్పేస్తుంది. పైన చెప్పిన పావు వంతు చెక్క సమస్య అలా తీరుతుంది. లోపల మామూలు ఆర్-13, బయట ఆర్-5 బోర్డు. గోడ మొత్తం 17.5 అవుతుంది. పూర్తిగా క్లోజ్డ్ సెల్ ఫోమ్ నింపిన గోడ కంటే ఇదే మెరుగు. మన లెక్కలోని ఇంట్లో వేడి నష్టం 69 థర్మ్‌లకు దిగుతుంది. అందుకే కొత్త కోడ్‌లు చలి ప్రాంతాల్లో చాలావరకు బయటి బోర్డును అడుగుతున్నాయి.

ఫోమ్ బోర్డుల్లో పాలీఐసో అనే రకం మీద అంగుళానికి ఆర్-6 అని రాసి ఉంటుంది గానీ గట్టి చలిలో అది కాస్త తగ్గుతుంది, ఐదు అని లెక్కేసుకోండి. ఎక్స్‌పీఎస్ అనే ఇంకో రకం ఫోమ్ బోర్డు ఐదు. బయటికి వాడే మినరల్ ఊల్ బోర్డు నాలుగు చిల్లర, గోడ ఆరడానికి అడ్డురాదు కాబట్టి నాకు అదే నచ్చుతుంది, ధర మాత్రం ఎక్కువ. గోడ మందం పెరిగేసరికి కిటికీల చుట్టూ ఫ్రేములు ముందుకు జరపాలి, తలుపుల దగ్గర చెక్కపని పెరుగుతుంది. కొటేషన్లో ఈ భాగం దాచిపెట్టి తర్వాత అదనంగా అడిగేవాళ్లు ఎక్కువ, ముందే రాయించుకోండి.

తేమ: డాలస్ సలహా షికాగోలో పనికిరాదు

చలి ప్రాంతంలో ఇంటి లోపలి వెచ్చటి తేమ గాలి గోడలోకి దూరి చల్లటి షీతింగ్‌కు తగిలి నీరవుతుంది. అందుకే షికాగో, డెట్రాయిట్, బోస్టన్ లాంటి జోన్ 5 (వాతావరణాన్ని బట్టి కోడ్ విడగొట్టిన మండలాల్లో ఒక చలి మండలం) ఊళ్లలో గదివైపు ఆవిరిని తగ్గించే పొర ఉండాలని కోడ్ అంటుంది. బ్యాట్ మీదే అతికించి వచ్చే గోధుమ రంగు క్రాఫ్ట్ పేపర్ అందుకే. పేపర్ గదివైపు ఉండాలి, బయటివైపు కాదు. మినరల్ ఊల్‌కు పేపర్ రాదు. దాని మీద తేమను బట్టి తెరుచుకునే స్మార్ట్ మెంబ్రేన్ గానీ, ఆవిరిని తగ్గించే ప్రైమర్ పెయింట్ గానీ వేయించాలి. బయట తగినంత ఫోమ్ బోర్డు ఉంటే ఆ అవసరం కూడా తగ్గుతుంది. జోన్ 5లో టూ బై ఫోర్ గోడకు బయట కనీసం ఆర్-5 ఉంటే లోపల మామూలు పెయింట్ సరిపోతుందని కోడ్ లెక్క.

హ్యూస్టన్‌లో కథ తిరగబడుతుంది. తేమ బయట ఉంటుంది, లోపల ఏసీ. అక్కడ గదివైపు ప్లాస్టిక్ షీట్ వేస్తే బయటి నుంచి వచ్చిన తేమ దాని వెనక ఆగి గోడ బూజు పడుతుంది. పాలిథిన్ షీట్ వేయమని ఎవరు చెప్పినా, మీ ఇల్లు మిన్నెసోటా అంత చలిలో లేకపోతే వద్దనండి. న్యూజెర్సీలో దక్షిణం, మధ్య భాగం ఎక్కువగా జోన్ 4, ఉత్తరాన కొన్ని కౌంటీలు జోన్ 5. మీ కౌంటీ ఎందులో ఉందో టౌన్‌షిప్ బిల్డింగ్ ఆఫీసులో చెబుతారు. పర్మిట్ కోసం ఎలాగూ అక్కడికి వెళ్లాలి కాబట్టి తెరిచిన గోడకు వాళ్లు ఎంత ఇన్సులేషన్ అడుగుతారో కూడా అప్పుడే తెలుసుకోండి.

మన ఇళ్లలో ఈ తేమ మిగతావాళ్ల ఇళ్లకంటే ఎక్కువ. రోజూ అన్నం, పప్పు, కుక్కర్ ఆవిరి, వారాంతాల్లో ఇడ్లీలు. బయటి మూలలో ఉన్న క్లోజెట్‌లో పట్టుచీరలకు బూజు పట్టిందని బాధపడేవాళ్ల ఇంట్లో చూడండి, ఆ మూల ఇన్సులేషన్ లేక చల్లగా ఉంటుంది, వంటింటి ఆవిరికి బయటికి దారి ఉండదు. స్టవ్ మీద ఉండే మైక్రోవేవ్ హుడ్‌లు చాలావరకు గాలిని ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ గదిలోకే వదులుతాయి. గోడల సందులు మూసి ఇల్లు బిగించాక ఆ తేమ, తాళింపు ఘాటు ఇంకా ఎక్కువసేపు లోపలే ఉంటాయి. కిచెన్ గోడ తెరిచి ఉన్నప్పుడే బయటికి వెళ్లే డక్ట్ వేయించి హుడ్ మార్చండి. నా దృష్టిలో ఇన్సులేషన్ రకం కంటే ఇది ముఖ్యం. గ్యాస్ వాటర్ హీటర్ పాత రకం, పైన లోహపు గొట్టంలోకి దానంతటదే పొగ పోయేదైతే, పని పూర్తయ్యాక ఆ పొగ వెనక్కి తన్నడం లేదని టెస్ట్ చేయించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

డబ్బు, కొటేషన్లు

ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ వస్తుందని ఇంకా చెబుతున్న కాంట్రాక్టర్లున్నారు. ఇన్సులేషన్ మెటీరియల్ ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల దాకా ఇచ్చిన ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఆ తర్వాత పూర్తయిన పనికి రాదు. రాష్ట్రాల, కరెంటు గ్యాస్ కంపెనీల పథకాలు మాత్రం చాలాచోట్ల ఉన్నాయి. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ కింద ఇన్సులేషన్ ఖర్చులో ఎక్కువ భాగం వాళ్లే భరిస్తారు. ఇలాంటివాటికి ముందు ఎనర్జీ ఆడిట్ చేయించుకోవాలి, పని మొదలుపెట్టాక అడిగితే ఇవ్వరు. ఆ ఆడిట్‌లో చేసే బ్లోయర్ డోర్ టెస్ట్ అడిగి మరీ చేయించుకోండి. ముందు తలుపుకు ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి ఎంత లీకవుతోందో కొలుస్తారు. పని అయ్యాక మళ్లీ కొలిపిస్తే సీలెంట్ పని నిజంగా జరిగిందో లేదో అంకె చెబుతుంది.

కొటేషన్లో ఇన్సులేషన్ అని ఒక్క లైను రాసి మొత్తం వేసేస్తే తిప్పి పంపండి. ఏ రకం, ఎంత ఆర్-వాల్యూ, గాలి సందులు మూసే పని ఎక్కడెక్కడ, పాతది తీసి పారేసే ఖర్చు ఎవరిది, డ్రైవాల్ మూసే ముందు మీకు చూపిస్తారా లేదా అన్నవి విడివిడిగా రాసి ఉండాలి. సందులు మూసే పని ఇన్సులేషన్ వాడిదా, జనరల్ కాంట్రాక్టర్‌దా తేలకపోతే ఎవరూ చేయరు.

ఇన్సులేషన్ పూర్తయ్యాక, డ్రైవాల్ వచ్చే ముందు ఒక రోజు మీ చేతిలో పెట్టుకోండి. టార్చ్ పట్టుకుని ప్రతి గడీ చూడండి. బ్యాట్ అంచుల పక్కన వెలుగు లోతుగా దిగితే సందు ఉన్నట్టు. ప్లగ్ బాక్సుల చుట్టూ, కిటికీల పక్కన సన్నటి గడుల్లో, పైపుల వెనక ముఖ్యంగా చూడండి, పనివాళ్లు వదిలేసేది అవే. బయటి గోడలో నీళ్ల పైపు ఉంటే ఇన్సులేషన్ పైపుకీ బయటికీ మధ్య ఉండాలి, గదివైపు ఉంటే జనవరిలో పైపు పగులుతుంది. తప్పు కనిపిస్తే అక్కడ నీలం టేపు ముక్క అంటించి ఫొటో తీసి పంపించండి, సరిచేసిన ఫొటో తిరిగి వచ్చేదాకా డ్రైవాల్ వాళ్లను రానివ్వకండి.